కుడి పక్కన కొండ

అరుణాచలంలో గిరి ప్రదక్షిణకు బయలుదేరితే కొండ ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉంటుంది. 14 కిలోమీటర్లు నడిచినా దానికి దగ్గర కాము, దూరమూ కాము. చేరుకోవలసిన చోటంటూ ఈ దారిలో లేదు, మొదలుపెట్టిన దగ్గరికే తిరిగి వస్తాం. పర్యాటకుడికీ యాత్రికుడికీ తేడా ఎక్కడుందని చాలాకాలంగా ఆలోచిస్తున్న నాకు ఇంత సూటి జవాబు మరే క్షేత్రంలోనూ దొరకలేదు.

మా మేనత్తతో కలిసి వెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకే ఆమె ఆటోలో, నేను కాలినడకన వెళ్లాలని ముందే అనుకున్నాం. పౌర్ణమి రద్దీ లేని మామూలు రోజు చూసుకున్నాం. ఇంకా చీకటి ఉండగానే రాజగోపురం దగ్గర ఆమెను ఆటో ఎక్కించి, చెప్పులు లేకుండా నడక మొదలుపెట్టాను. రోడ్డుకు ఎడమ వైపున నడవాలన్నది అక్కడి ఆచారం. కొండ వైపు దారిని సిద్ధులకూ దేవతలకూ వదిలిపెడతారు. కంటికి కనిపించని వాళ్ల కోసం కూడా కొంత చోటు వదలడం నాకెంతో నచ్చింది.

దారి పొడవునా ఇంద్ర, అగ్ని, యమ, నిరృతి, వరుణ, వాయు, కుబేర, ఈశాన్య లింగాలు ఉన్నాయి. దిక్కుకు ఒకటి చొప్పున ఎనిమిది. కొంత దూరం నాతోపాటు ఒక తెలుగు బృందం నడిచింది. ప్రతి గుడి దగ్గరా గబగబా లోపలికి వెళ్లి దండం పెట్టుకుని, బయట ఫోటో తీసుకుని, ‘ఇంకెన్ని ఉన్నాయి?’ అనుకుంటూ ముందుకు సాగేవారు. వాళ్ల భక్తిని నేను శంకించను. సెలవు పెట్టి, డబ్బు కూడబెట్టి, పిల్లలను ఎత్తుకుని అంత దూరం వచ్చారు. కానీ ఆ తొందరలో కుడి వైపుకు తల తిప్పిన వాళ్లు ఒకరిద్దరే. ఇక్కడ కొండే శివుడని, పంచభూత లింగాలలో అగ్నిలింగం ఇదేనని నమ్మి వచ్చినవాళ్లు కొండను చూడకుండా వెళ్లిపోతుంటే మనసు చివుక్కుమంది. కాణిపాకం, శ్రీపురం, అరుణాచలం, కంచి అన్నీ రెండు రోజుల్లో అని టికెట్లు అమ్మే వాళ్ల మీద నాకు కోపం వచ్చింది. వాళ్లు ఇచ్చే పట్టికలో చూడటానికి వేళ ఉంటుంది, నిలబడటానికి ఉండదు.

నిలబడితే కొండ మారుతుంది. తూర్పున గుడి దగ్గర ఒకే శిఖరంలా కనిపించేది, దారి తిరుగుతున్న కొద్దీ పక్కకు వాలుతుంది, వెడల్పవుతుంది, కుబేర లింగం వైపు వచ్చేసరికి ఐదు శిఖరాలుగా విడిపోతుంది. రాయి అదే, మారుతున్నది మనం నిలుచున్న చోటు. వెలుతురు పడ్డాక ఒక మలుపులో చాలాసేపు కూర్చుండిపోయాను. నిండు చూలాలైన మహారాణి నడిచినంత నెమ్మదిగా ఈ ప్రదక్షిణ చేయాలని పెద్దలు చెబుతారు. 1896లో పదహారేళ్ల వయసులో ఇక్కడికి వచ్చిన రమణ మహర్షి 1950లో దేహం చాలించేదాకా ఈ కొండను విడిచి వెళ్లలేదు. 1926 వరకు ఆయన కూడా ప్రదక్షిణ చేసేవారు, ఒక్కోసారి దానికి రోజులే పట్టేవి. యాభై ఏళ్లకు పైగా ఒక్క కొండ చుట్టూనే ఉన్న ఆ మనిషిని నేను గొప్ప యాత్రికుడిగానే తలుచుకుంటాను.

బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని కూడా గుర్తుకొచ్చారు. శాస్త్రాలన్నీ చదివి, ఏళ్ల తరబడి జపం చేసి, 1907లో విరూపాక్ష గుహకు ఎక్కి వెళ్లి, అసలు తపస్సంటే ఏమిటని తనకంటే చిన్నవాడైన రమణులను అడిగారు. అంత చదివినవాడు అడగడానికి కొండెక్కాడు. నేను ఏ ప్రశ్నతో వచ్చానని దారంతా వెతుక్కున్నాను. ఆ రోజుకు దొరకలేదు.

ఆది అణ్ణామలై దగ్గర ఒకావిడ వాకిలి కడిగి రోడ్డు అంచుదాకా ముగ్గు వేస్తోంది. ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగితే తలెత్తి చూసి, చిన్నగా నవ్వి, మళ్లీ పనిలో పడింది. మనం పుణ్యక్షేత్రమని నడిచే దారి ఆమెకు ఇంటి ముంగిలి. పౌర్ణమి రాత్రి జనం విసిరేసిన కాగితపు గ్లాసులు, నీళ్ల సీసాలు మర్నాడు తేలేది ఇలాంటి గుమ్మాల ముందే. ఒకరి గడపలో ఉన్నామన్న ఎరుక లేనివాడు ఎన్ని ప్రదక్షిణలు చేసినా నా దృష్టిలో చూసిపోయే మనిషే.

తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది, అరికాళ్లు మండుతున్నాయి. అత్తయ్య ఎప్పుడో వచ్చి గోపురం నీడలో కూర్చుని ఉంది. ‘‘ఎనిమిది గుళ్లూ చూశావా అత్తయ్యా?’’ అని అడిగాను.

‘‘రెండు చోట్లే దిగానురా. కుడి పక్కన కూర్చుంటానని ఆటో అబ్బాయికి ముందే చెప్పాను. దారంతా కొండనే చూస్తూ వచ్చాను.’’

నాకు నోట మాట రాలేదు. చెప్పులు విడవడం, చెమటోడ్చడం గురించి అప్పటిదాకా నాలో ఉన్న లెక్కలు ఆమె మాటతో సగం చెరిగిపోయాయి.

మర్నాడు నేను స్కందాశ్రమం దాకా ఎక్కాను. అక్కడి నుంచి గుడి మొత్తం కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. కృష్ణదేవరాయలు మొదలుపెట్టిన 11 అంతస్తుల రాజగోపురం, 217 అడుగుల ఎత్తున్నది, పైనుంచి చూస్తే ఊరి ఇళ్ల మధ్య ఒద్దికగా నిలబడి ఉంది. అత్తయ్య ఆ సమయమంతా రమణాశ్రమంలో కూర్చుంది. నేను దిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ పూట కంచికి బయలుదేరాలి. ‘‘ఇక్కడ ఇంకా కాసేపు కూర్చోవాలని ఉందిరా’’ అంది. కంచి ప్రయాణం మానుకున్నాం, గది ఇంకో రోజుకు తీసుకున్నాం.