వర్క్‌సాప్ పంతులు, పైలట్ ఆఫీసర్ కెన్ ఫార్న్స్

ఇంగ్లండ్ తరఫున 15 టెస్టులు ఆడి 60 వికెట్లు తీసిన కెన్ ఫార్న్స్ పేరు క్రికెట్ చరిత్ర ఇష్టంగా చదివేవారికి తెలిసే ఉంటుంది. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు నుంచి బంతిని విసిరే ఈ ఫాస్ట్ బౌలర్ 1934లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఆస్ట్రేలియా మీద తన మొదటి టెస్టు ఆడి, రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి వికెట్లు పడగొట్టారు. అయినా ఆ మ్యాచ్ ఇంగ్లండ్ ఓడిపోయింది. హనుమకొండలో పిల్లలకు లెక్కలు చెప్పి, బడి వదిలాక వాళ్లతో పాటు మైదానంలో గడిపే నాకు మాత్రం ఈ బౌలర్ కంటే ముందు ఆయనలోని పంతులు కనబడతారు.

ఫార్న్స్ కేంబ్రిడ్జ్‌లో చదువు ముగించుకుని నాటింగ్‌హామ్‌షైర్‌లోని వర్క్‌సాప్ కాలేజీలో ఉపాధ్యాయుడిగా చేరారు. పేరుకు కాలేజీయే గానీ అది మగపిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి. క్రికెట్‌లో ఆయన అమెచ్యూర్, అంటే ఆడినందుకు జీతం పుచ్చుకోనివారు. బతుకుతెరువు చూపింది బడి ఉద్యోగమే కనుక, ఆయన సొంత కౌంటీ ఎసెక్స్ జట్టుకు కూడా బడి సెలవులిచ్చాకే ఎక్కువగా అందుబాటులోకి వచ్చేవారు. పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తయితే తప్ప టోర్నమెంటుకు కదలలేని పీఈటీ సార్లను ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ని కాబట్టి ఈ విషయం చదివినప్పుడు ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది. అలా వీలు చూసుకుని ఆడిన మనిషే 1938లో లార్డ్స్ మైదానంలో అమెచ్యూర్లకూ వృత్తి ఆటగాళ్లకూ జరిగిన పోటీలో 43 పరుగులకు 8 వికెట్లు తీశారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆయన బ్రిటన్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, పైలట్ శిక్షణ కోసం సముద్రం దాటి కెనడా వెళ్లారు. బ్రిటన్ ఆకాశం శత్రు విమానాలకు అందేంత దగ్గరలో ఉండటం వల్ల, కొత్తవాళ్లకు అక్కడ విమానం నడపడం నేర్పడం కష్టమైంది. అందుకే 1939 డిసెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒప్పందం చేసుకుని కెనడాలో పెద్ద ఎత్తున శిక్షణ ఏర్పాటు చేశాయి. యుద్ధం ముగిసేలోగా 1,31,000 మందికి పైగా వైమానికులు ఆ శిక్షణ పొంది బయటికి వచ్చారు. అయితే అక్కడ నేర్చుకున్నవాళ్లకు ఇంగ్లండ్ తిరిగివచ్చాక కొత్త కష్టం ఎదురయ్యేది. కెనడా మైదాన ప్రాంతాల మీద ఆకాశం విశాలంగా ఉంటుంది, రాత్రిపూట కింద ఊళ్ల దీపాలు వెలుగుతూ దారి చూపేవి. యుద్ధకాలపు ఇంగ్లండ్‌లో దాడుల భయంతో దీపాలన్నీ ఆర్పేసేవారు, పైగా మబ్బులూ పొగమంచూ తోడయ్యేవి. అమావాస్య రాత్రి దీపం లేకుండా పాకాల అడవిలో నడవడం ఎలాంటిదో అది కూడా అలాంటిదే. పైలట్ నడుస్తున్నది నేల మీద కాదు, అంతే తేడా.

చీకట్లో మనిషికి తన ఒంటి మీద తనకే భరోసా ఉండదు. విమానం నేల విడిచి వేగం పుంజుకుంటున్నప్పుడు లోపలి చెవి ఆ వేగాన్ని వాలుగా పొరబడుతుంది, విమానం ముక్కు మరీ పైకి లేస్తోందని పైలట్‌కు అనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి ముక్కును కిందికి దించితే, కంటికి ఆనడానికి నేలా ఆకాశం కలిసే గీత ఉండదు కాబట్టి, ఏం జరిగిందో తెలిసేసరికి నేల దగ్గరపడిపోతుంది. ఒళ్లు చెప్పేదాన్ని పక్కనబెట్టి ఎదురుగా ఉన్న పరికరాల ముల్లును నమ్మడం అలవాటు కావాలంటే రాత్రుళ్లు ఎగిరి నేర్చుకోవలసిందే. రాత్రి శిక్షణ అంతటికీ ఉన్న గండం అది. కెనడా నుంచి తిరిగివచ్చి ఎన్నో వారాలు కాకముందే, 1941 అక్టోబరు 20న, ఇంగ్లండ్‌లోని చిప్పింగ్ వార్డెన్ వైమానిక స్థావరంలో రాత్రి శిక్షణలో ఉండగా విమానం కూలి ఫార్న్స్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 30.

ఈ సంగతి చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, "అంటే యుద్ధానికి పోకముందే చనిపోయిండా సార్?" అని అడిగాడు. పిల్లవాడి ప్రశ్నలో తప్పేమీ లేదు గానీ, పెద్దవాళ్లు రాసే రాతల్లో కూడా అదే ధోరణి కనిపించడం నన్ను బాధిస్తుంది. 1939 మార్చిలో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పది రోజుల పాటు సాగి, ఇంగ్లండ్ జట్టు ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయే వేళ కావడంతో ఫలితం తేలకుండా ఆగిపోయిన టెస్టులో ఫార్న్స్‌తో పాటు ఎడమచేతి స్పిన్నర్ హెడ్లీ వెరిటీ కూడా ఆడారు. వెరిటీ 1943లో సిసిలీలో తన దళాన్ని నడిపిస్తూ గాయపడి, ఇటలీలో బందీగా కన్నుమూశారు. ఆయన మరణాన్ని పేజీలకు పేజీలు రాస్తారు, అది న్యాయమే. ఫార్న్స్ మరణం మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. బాంబు దాడులు చేసే బ్రిటిష్ వైమానిక విభాగం బాంబర్ కమాండ్ ఆ యుద్ధంలో పోగొట్టుకున్న 55,573 మందిలో 8 వేలకు పైగా శిక్షణలోనో, దాడికి సంబంధం లేని ప్రమాదాల్లోనో పోయారు. శత్రువు ఎదురుపడకుండా పోయిన ఇన్ని వేల ప్రాణాలను లెక్కలోంచి తీసేస్తే యుద్ధం అంటే ఏమిటో మనకు సగమే తెలుస్తుంది. ఫార్న్స్ సమాధి ఉన్న సర్రేలోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో అలాంటి తేడా లేదు. శిక్షణలో పోయినవారికీ పోరులో పోయినవారికీ అక్కడ ఒకే తీరు రాయి నిలబెట్టారు.

ఓరుగల్లులో కూర్చుని ఇంగ్లండ్ పంతులు గురించి ఇంతగా ఎందుకు రాయడమని అడిగేవారికి, ఆ వైమానిక దళంలో మన సొమ్ము కూడా ఉందని గుర్తుచేస్తాను. 1939లో మళ్లీ ఏర్పడిన 152 స్క్వాడ్రన్ అనే విమానాల దండుకు నిజాం ఇచ్చిన విరాళం వల్ల 'హైదరాబాద్' పేరు వచ్చింది, దాని చిహ్నం మీద నిజాం తలపాగా బొమ్మ ఉండేది. ఆయన ఖజానా ఎవరి చెమటతో నిండిందో, యుద్ధకాలంలో సర్కారుకు తప్పనిసరిగా లెవీ ధాన్యం కొలిచిన తెలంగాణ పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు.

మా ఓరుగల్లు పక్కనే ఉన్న మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుస్తారన్న మాట వచ్చినప్పటి నుంచి పైలట్ అవుతామనే పిల్లలు మా బడిలో ఎక్కువయ్యారు. వాళ్లలో ఒకరిని ఆఫీసు గదిలోని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకు గంతలు కట్టి ఒకే వేగంతో మెల్లగా తిప్పుతూ ఉంటే, కాసేపటికి కుర్చీ ఆగిపోయిందని గట్టిగా చెబుతారు. గంతలు విప్పి, ఇంకా తిరుగుతూనే ఉన్న కుర్చీని వాళ్లను చూడనిచ్చి, ఆ తర్వాతే ఫార్న్స్ సంగతి చెప్పడం మొదలుపెడతాను.