బంతి నేల తాకని సాయంత్రం

ఫిలిప్పీన్స్ వెళ్ళొచ్చానంటే అందరూ బొరాకాయ్ ఫొటోలు అడుగుతున్నారు. నేను బొరాకాయ్ పోలేదు, ఏ బీచ్‌కీ పోలేదు. పద్నాలుగు రోజులకి వీసా అక్కర్లేదని తెలిసి 2025 జూలైలో కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో ఏడు గంటలు కూర్చుని నడుం విరగ్గొట్టుకుని వెళ్ళింది మా అమ్మాయిని చూసుకోడానికి. అది లాస్ పిన్యాస్‌లో మెడిసిన్ చదువుతోంది. మనీలా ఎయిర్‌పోర్టు నుంచి అక్కడికి పట్టుమని పన్నెండు కిలోమీటర్లు ఉండదు, టాక్సీవాడు 1,500 పెసోలు అడిగాడు. మన డబ్బుల్లో రెండు వేల పైమాటే. బేరమాడితే నవ్వుతాడు తప్ప ఒక్క పెసో తగ్గడు. పైగా ఆ అలబాంగ్-జపోటే రోడ్డు మీద గంటన్నర. దాని ముందు మన అమీర్‌పేట నయం.

సరే, అసలు విషయం అది కాదు. మొదటి రోజు తెల్లవారుజామున అయిదింటికి కిటికీ కింద టప్, టప్, టప్. రోట్లో ఎవరో ఏదో దంచుతున్నారనుకున్నా. తీరా చూస్తే సందులో కరెంటు స్తంభానికి చెక్క పలక కొట్టి రింగు బిగించారు, దాని కింద పదేళ్ళ వాడొకడు హవాయి చెప్పులతో బంతి కొట్టుకుంటున్నాడు. వాడు ఆపితే ఇంకొకడు, వాడి తర్వాత మరొకడు, రాత్రి పదకొండు దాకా అదే చప్పుడు. ముప్ఫై మూడేళ్ళు పీఈటీగా చేసి రిటైరైనదాన్ని, బంతి చప్పుడు నాకు కొత్తా? కానీ మా బడిలో చప్పుడు పీరియడ్ గంటతో ఆగిపోయేది. ఇక్కడ ఆగదు. "అమ్మా, ఈ ఊళ్ళో కుక్కలకన్నా రింగులు ఎక్కువ, అలవాటు చేసుకో" అని మా అమ్మాయి దుప్పటి ముసుగు పెట్టేసింది.

నిజంగానే ఎక్కడ చూసినా రింగులే. చర్చి పక్కన, మురుగు కాలవ గట్టున, ఒక చోటయితే కొబ్బరి చెట్టుకే. కాస్త పెద్ద కోర్టు ఉంటే బోర్డు మీద కౌన్సిలర్ బొమ్మ, పేరు. మనకి బస్ షెల్టర్ల మీద ఎమ్మెల్యే బొమ్మ ఉంటుందే, అలాగ. మా తెనాలి పక్క ఊరి హైస్కూల్లో ఉన్నది ఒకే ఒక్క బాస్కెట్‌బాల్ స్తంభం. రింగు ఎప్పుడో ఊడిపోయింది. పదో తరగతి పరీక్షలప్పుడు పిల్లలు దానికి సైకిళ్ళు ఆనించుకునేవాళ్ళు. ఇంటర్ చదివేటప్పుడు గుంటూరు జిల్లా జట్టుకి ఆడాను నేను, ఆ సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో సగం మందికి తెలీదు.

మూడో రోజు చప్పుడు లేదు. నాలుగో రోజు కూడా. వానలు దంచి కొడుతున్నాయి, అందుకేనేమో అనుకున్నా గానీ రెండో రోజు వానలోనూ ఆడారు కదా. అమ్మాయికి హాస్పిటల్ డ్యూటీ. సాయంత్రం గొడుగేసుకుని కిందికి దిగాను. సందు చివర పైన రేకుల కప్పు వేసిన పెద్ద కోర్టు ఉంది, కవర్డ్ కోర్ట్ అంటారు. అది బరంగాయ్ వాళ్ళది, అంటే మన వార్డు లాంటిది. దారిలో పిల్లలు "బుంబాయ్, బుంబాయ్" అని గుసగుసలు. ఇండియా వాళ్ళందరికీ అక్కడ అదే పేరట. ఇంటింటికీ తిరిగి అయిదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారం మన పంజాబీలది. నన్ను చూడగానే ఒక చిన్నది వాళ్ళమ్మ వెనక్కి దూరింది, వాయిదాకి వచ్చాననుకుందో ఏమో.

కోర్టు లోపలికి తొంగి చూస్తే ఒక వైపు రింగు కింద శవపేటిక.

గుండె ఝల్లుమంది. తెల్ల పేటిక, తలవైపు అద్దం మూత, అటూ ఇటూ నిలువు దీపాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల దగ్గర పేకాట, ఇంకో బల్ల మీద బిస్కెట్లు, కాఫీ ఫ్లాస్కు. పోయినాయన పెద్దకొడుకు రియాద్ నుంచి రావాలట, టికెట్ దొరికేదాకా ఎన్ని రోజులైనా జాగారమే. మన దగ్గర చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టం. వీళ్ళు నేనెవరో తెలీకుండానే కుర్చీ వేసి, చేతికి కాఫీ ఇచ్చి, రెండు బిస్కెట్లు కూడా పెట్టారు. వద్దంటే ఏమనుకుంటారోనని తాగేశాను. త్రీ-ఇన్-వన్ పొడి, అంతా పంచదారే, మా అమ్మాయి సుగర్ టెస్టు చేసుంటే తెలిసేది.

రెండో సగంలో మాత్రం పన్నెండు మంది కుర్రాళ్ళు, పద్నాలుగు పదిహేనేళ్ళ వాళ్ళు, ప్రాక్టీసు చేస్తున్నారు. చప్పుడు లేకుండా! వాళ్ళ కోచ్ పగలు ట్రైసికిల్ నడుపుతాడు (మన ఆటో అనుకోండి, మోటార్ సైకిల్‌కి పక్కన తొట్టి), సాయంత్రం బరంగాయ్ లీగ్‌కి పిల్లల్ని తయారు చేస్తాడు. జాగారం అయ్యేదాకా బంతి నేల తాకకూడదన్నాడట. కొట్టడాల్లేవ్, ఒట్టి పాస్‌లే. ఇవ్వాలి, ఖాళీలోకి పరిగెత్తాలి, మళ్ళీ అందుకోవాలి.

మొదటి పది నిమిషాలు చూడాలి వాళ్ళ అవస్థ. పుట్టిన దగ్గర్నుంచీ బంతి నేలకి కొట్టి పెరిగిన చేతులు, ఊరుకుంటాయా. బంతి అందగానే వాడి భుజం కిందికి వంగుతుంది, గుర్తొస్తుంది, ఆగుతుంది, ఈలోగా కాళ్ళు తడబడి అడుగు మారిపోతుంది. ఒకడు మర్చిపోయి ఒక్క దెబ్బ కొట్టాడు. టప్. కోర్టంతా మోగింది. పేకాటవాళ్ళు తలలెత్తారు, వాడు పేటిక వైపు తిరిగి గబగబా శిలువ గుర్తు వేసుకుని, ఎవరూ చెప్పకుండానే వంగి పది పుష్-అప్స్ తీశాడు. నాకు నవ్వాగలేదు, చీర చెంగు అడ్డం పెట్టుకున్నాను.

అరగంట గడిచేసరికి మాత్రం ఆట మారిపోయింది. బంతి ఎవరి చేతిలోనూ లిప్తపాటు కన్నా ఎక్కువ ఉండట్లేదు. రబ్బరు చెప్పుల గీర, అరచేతికి బంతి తగిలే పిసుకు చప్పుడు, "హుయ్" అని పిలుపులు, అంతే. ఇక ఉండబట్టలేక కాఫీ కప్పు పక్కన పెట్టి లేచాను. అందరిలోకీ పొడుగు కుర్రాడు ఎడం కాలు లేపేస్తున్నాడు, పాదం నేలకి అతికించి తిరగాలిరా అని చేసి చూపించాను. అరవై రెండేళ్ళ దాన్ని, పంజాబీ వడ్డీదాన్ని కూడా కాదు, వాళ్ళకేం అర్థమయ్యిందో తెలీదు గానీ కోచ్ మాత్రం "మామ్, మీరు టీచరా" అని ఒక్క చూపులో పట్టేశాడు.

ప్రాక్టీసు అయ్యాక ఇంటికి బయలుదేరబోతే కోచ్, ఆయన భార్య అడ్డుపడ్డారు. శవం దగ్గర్నుంచి తిన్నగా ఇంటికి పోకూడదట, ఆత్మ వెంట వస్తుంది, మధ్యలో ఎక్కడో ఒక చోట ఆగి దులిపేసుకోవాలి. పగ్‌పగ్ అంటారు. మనం గుమ్మంలో కాళ్ళు కడుక్కుని స్నానం చేస్తాం, వీళ్ళు హోటల్‌కి పోతారు, అంతే తేడా. రోడ్డు పక్కన లుగావ్ బండి దగ్గర కూర్చున్నాం. అల్లం దట్టించి, పైన గుడ్డు, వేయించిన వెల్లుల్లి వేసిన బియ్యం గంజి. అమ్మాయి మెస్‌లో 250 పెసోలకి పెట్టే ఎర్రటి సాంబారు కన్నా వంద రెట్లు నయం, ధర అందులో అయిదో వంతు.

అక్కడ మొదలెట్టాడు మనిషి, గంట సేపు ఆపలేదు. ఇవాళ చేయించిన ప్రాక్టీసు ఏడాది మొత్తం మీద మంచి ప్రాక్టీసు అట. "మా వాళ్ళకి ప్రాణం బంతి కొట్టడంలో ఉంది మామ్, ప్రతివాడూ ఒంటరిగా అయిదుగురిని దాటి వెళ్ళాలనే చూస్తాడు, వీధిలో అది సాగుతుంది." ఇంకోటి కూడా ఉంది. వాళ్ళ వీధిలో ఆరడుగులు ఉన్నవాణ్ణి చిన్నప్పుడే రింగు కింద నిలబెట్టి సెంటర్ అంటారు, వాడికి బంతి తీసుకెళ్ళడం ఎవరూ నేర్పరు. వేరే దేశం జట్టు ముందు నిలబడితే ఆ ఆరడుగులు గార్డుకి (బంతి నడిపించే పొట్టివాడికి) కూడా చాలవు, అప్పటికి వాడికి ఇరవై నిండి ఉంటాయి. అందుకే ఈయన పొడుగువాడి చేత బంతి మోయిస్తాడు, పొట్టివాళ్ళ చేత పాస్‌లు ఇప్పిస్తాడు. ఆ పొడుగు కుర్రాడు మాత్రం ఎన్నాళ్ళుంటాడో చెప్పలేనన్నాడు, ఏదో పెద్ద ప్రైవేటు స్కూలు ఫీజు లేకుండా తీసుకుపోతుందట. అది మాత్రం నాకు బాగా తెలుసు. కబడ్డీలో నేను తయారు చేసిన పిల్లల్ని కార్పొరేట్ స్కూళ్ళు అలాగే ఎగరేసుకుపోయేవి, కప్పుతో ఫొటోలో వేరే సార్ ఉండేవాడు.

1954 ప్రపంచ పోటీల్లో వాళ్ళది మూడో స్థానం, ఏ ఆసియా జట్టుకీ మళ్ళీ అంత రాలేదు. ఆ కథ వాళ్ళ తాత చెప్పేవాడట. ఆయన కళ్ళు మెరిసింది మాత్రం 2021 గురించి చెప్పేటప్పుడు. జూన్‌లో వాళ్ళ దేశంలోనే క్లార్క్ అనే చోట ఆసియా కప్ క్వాలిఫయర్స్. పేరున్న ప్రొఫెషనల్ ఆటగాళ్ళు లేరు, దాదాపు అంతా కాలేజీ కుర్రాళ్ళు, కోచ్ టాబ్ బాల్డ్విన్. నెలల తరబడి ఒకే చోట ఉంచి తర్ఫీదు ఇచ్చారు. దక్షిణ కొరియాని రెండుసార్లు ఓడించారు. మొదటి మ్యాచ్‌లో బెలాంగెల్ అనే కుర్రాడు ఆఖరి క్షణంలో ఒంటి కాలి మీద విసిరిన మూడు పాయింట్ల షాట్‌ని గంజి చెంచాతో చేసి చూపించాడు, నా చీర మీద పడింది. తర్వాత బెల్‌గ్రేడ్‌లో సెర్బియాతో ఓడింది కూడా ఏడు పాయింట్ల తేడాతోనే.

"మరి ఆ పిల్లలేరీ?" అంటే చేతులు రెండూ విసిరేశాడు. ఒకడు కొరియా లీగ్‌కి, కొందరు జపాన్‌కి, మిగతావాళ్ళు తలో క్లబ్బుకి. జీతాలు కదా, తప్పు పట్టలేం. అంతకుముందు 2018లో 23 మంది పేర్లతో జాబితా వేశారు, 2023 ప్రపంచ కప్ సొంతగడ్డ మీద, అప్పటికి ఈ పిల్లలు సిద్ధమవ్వాలని. అందులో కై సోటో అనే పదిహేనేళ్ళ కుర్రాడూ ఉన్నాడు. తీరా 2023 వచ్చేసరికి ఆ జాబితాలో మిగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ప్రారంభ మ్యాచ్‌కి ఫిలిప్పీన్ అరీనాలో 38,115 మంది, అందులో ఈయనా ఒకడు, వారం సంపాదన టికెట్‌కి పెట్టి. డొమినికన్ రిపబ్లిక్ చేతిలో 81-87. అదే ఏడాది అక్టోబర్‌లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో 61 ఏళ్ళకి స్వర్ణం వచ్చింది, నిజమే, కానీ మోసిందంతా పౌరసత్వం ఇచ్చి తెచ్చుకున్న అమెరికన్ బ్రౌన్లీ అని ఆయన బాధ. అంతర్జాతీయ పోటీల్లో అలాంటివాడు జట్టుకి ఒక్కడే ఉండాలి. తల్లి ఫిలిప్పీన్స్ మనిషైనా సరే, పదహారేళ్ళు నిండేలోపు పాస్‌పోర్టు తీసుకోకపోతే ఆ పిల్లవాణ్ణీ ఆ ఒక్క కోటాలోనే కడతారు. అమెరికా ఎన్‌బీఏ లీగ్ ఆటగాడు జోర్డాన్ క్లార్క్‌సన్ విషయంలో జరిగింది అదే. ఇక కై సోటో ఏడడుగుల మూడంగుళాల మనిషయ్యాడు, 2025 జనవరిలో మోకాలు పోయింది. "పదకొండు కోట్ల మందిమి ఒక్కడి మోకాలి వైపు చూస్తున్నాం" అన్నాడు.

నాకు ఏమనాలో తోచక మా దేశం సంగతి అడిగాను. మొహమాటపడ్డాడు. భార్య మోచేత్తో పొడిచింది. "2022 ఆసియా కప్, మామ్. మాకు 101, మీకు 59." అని గొంతు తగ్గించి చెప్పి నా గిన్నెలో ఇంకో గరిట గంజి వేయించాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంటికొచ్చి పగ్‌పగ్ అయినా సరే బాత్‌రూమ్‌లోకి పోయి తలారా పోసుకున్నాను. రెండు పద్ధతులూ పాటించినదాన్ని, ఏ ఆత్మా రాదులే అని అమ్మాయి ఒకటే నవ్వు.

తర్వాత రోజులన్నీ వాన, బట్టలారకపోవడం, అమ్మాయి పరీక్షలు. పదకొండో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. టప్, టప్. రియాద్ కొడుకు వచ్చి కార్యం అయిపోయిందన్నమాట. కిటికీ తీసి చూశాను. ఆ పుష్-అప్స్ కుర్రాడే. ఇద్దరు ఫ్రెండ్స్ ఖాళీగా నిలబడి చేతులు చాపి అడుగుతున్నారు. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు కొట్టాడు బంతిని, వెధవ, పాస్ ఇవ్వలేదు.