ఒక్క యూరో ఆదివారం

ఇంటర్న్‌షిప్‌కని జర్మనీలోని మ్యూనిక్ వచ్చిన కొత్తలో ఆదివారం అంటేనే విసుగు. షాపులు దాదాపు అన్నీ బంద్. శనివారమే పాలు, పెరుగు తెచ్చిపెట్టుకోకపోతే అంతే సంగతులు.

ఇప్పుడు ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నా. ఆల్టే పినకోథెక్ మ్యూజియంలో ఆదివారం టికెట్ ఒక్క యూరోనే! ప్లాస్టిక్ బాటిల్‌కి డిపాజిట్ (కొన్నప్పుడు కట్టి, ఖాళీది తిరిగిచ్చాక వెనక్కొచ్చే డబ్బు) 25 సెంట్లు కాబట్టి, నాలుగు ఖాళీవి సూపర్ మార్కెట్ మెషిన్‌లో వేస్తే టికెట్ డబ్బులు వచ్చేసినట్టే. (స్టైపెండ్ మీద బతికేవాళ్లకి ఇలాంటి లెక్కలు బాగా వస్తాయి.)

అక్కడ డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు 1500లో వేసుకున్న తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయా. అప్పటికి అతని వయసు 28. సూటిగా మన కళ్లలోకే చూస్తుంటాడు. జుట్టు పాయలు, కోటు మీద బొచ్చు... ఎంత ఓపిక! నాకంటే ఐదారేళ్లు పెద్దవాడంతే. నేనేమో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ షీట్లు నింపుతున్నా.

అమ్మకి వీడియో కాల్‌లో ఇదంతా చెప్తే, "సరేగానీ అన్నం వండుకున్నావా, మళ్లీ బ్రెడ్డేనా?" అంది. బ్రెడ్డే.

రూబెన్స్ అనే ఇంకో చిత్రకారుడి బొమ్మలున్న గదులు ఇంకా చూడాలి. వచ్చే ఆదివారం మ్యూనిక్‌లో ఉన్న తెలుగువాళ్లెవరైనా వస్తారా? టికెట్ ఖర్చు నాది, కాఫీ మాత్రం మీరే ఇప్పించాలి.