గ్రెప్ ఎవరి పేరు?

ఈ వారం విజయనగరంలో డిప్లొమా పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ గురించి చెబుతుండగా, వెనక బెంచీలోని ఒకమ్మాయి "గ్రెప్ అంటే ఏటి సార్, మనిషి పేరా?" అని అడిగింది. పాఠం పక్కన పెట్టించిన ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది.

లినక్స్‌కు ఆదర్శమైన యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో మొదలైంది. దానిలోని ఈడీ అనే ఎడిటర్‌లో, ఒక నమూనాకు సరిపోయే వరుసలన్నిటినీ ఫైలంతటా వెతికి చూపించాలంటే, ముందు గ్లోబల్‌కు గుర్తుగా జీ, ఆపైన రెండు ఏటవాలు గీతల నడుమ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (పొట్టిగా ఆర్, ఈ) అనే ఆ నమూనా, చివర ప్రింట్‌కు గుర్తుగా పీ కొట్టాలి. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ఆ పనినే విడి ప్రోగ్రాముగా రాసినప్పుడు, ఆ అక్షరాలే కలిసి గ్రెప్ అయ్యాయి. బోర్డు మీద ఆ వరుస రాసి గీతలు రెండూ చెరిపేసరికి, వివరించే పని నాకు లేకుండానే తరగతి అంతా "ఓహో" అంది.

పేర్లలో అంత పొదుపు ఎందుకంటే, కంప్యూటర్‌తో మాట్లాడడానికి వాడే ఆనాటి టెలిటైప్ 33 యంత్రం సెకనుకు 10 అక్షరాలే అచ్చువేసేది, దాని మీటలను గట్టిగా నొక్కితే గాని దిగేవి కావు. (ఫైళ్లను ఒకే కట్టగా కట్టే టార్ కమాండ్ కూడా రోడ్డు మీద పోసే తారు కాదు, టేప్ ఆర్కైవ్.)

అయితే ఫైలును సృష్టించే "క్రియేట్" సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపు) స్పెల్లింగులో చివరి 'ఈ' అక్షరాన్ని ఎగరగొట్టడం మాత్రం నా దృష్టిలో పిసినారితనమే. యూనిక్స్‌ను మళ్లీ రూపొందిస్తే ఏమి మారుస్తారని అడిగినప్పుడు, ఆ 'ఈ'ని చేరుస్తానని థాంప్సనే చెప్పారు.