కోసిన గెలకు బేరం ఉండదు

ఆ రోజు అరటిపండ్ల పెట్టె రాలేదు. పదకొండింటికి మీటింగ్. వేల్స్‌లో ఒక చిన్న ఊరి కౌన్సిల్ ఆఫీసు క్యాంటీన్‌లో నా ఉద్యోగం. టెన్షన్ పడి పక్క వీధి కొట్టుకి పరిగెత్తి, నాలుగు అత్తాలు కొనుక్కొచ్చి పళ్లెంలో సర్దాను. మా సూపర్‌వైజర్ ఒక పండు తిప్పి చూసింది. "ఫెయిర్ ట్రేడ్ స్టిక్కర్ లేదు. వీటిని ఇక్కడ పెట్టకూడదు, కౌన్సిల్ తీర్మానం ఉంది" అని అందరి ముందూ పళ్లెం తీసుకెళ్లిపోయింది.

అరటిపండు గురించి నాకు చెప్తుందా? రావులపాలెం పక్క గోదావరి లంకలో పుట్టినదాన్ని. మా నాన్న చొక్కాల మీద అరటి జిగురు మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు. మొదట నీళ్లలా ఉంటుంది, ఆరాక నల్లబడుతుంది. అమ్మ వాటిని విడిగా నానబెట్టి, చివరికి విసుగొచ్చి 'తోట చొక్కాలు' అని వేరే దండెం కట్టింది. అలాంటి ఇంటి పిల్లకి స్టిక్కర్ పాఠమా అని రాత్రంతా కుమిలిపోయాను.

కోపంతోనే ఆ స్టిక్కర్ సంగతి చదివాను. రైతుకి న్యాయమైన ధర ఇచ్చి కొన్న సరుకని చెప్పే గుర్తట అది. 2000లో ఇంగ్లాండ్‌లోని గార్‌స్టాంగ్ అనే చిన్న ఊరు ప్రపంచంలోనే మొదటి ఫెయిర్ ట్రేడ్ పట్టణంగా ప్రకటించుకుంది. 2008లో వేల్స్ ఏకంగా మొదటి ఫెయిర్ ట్రేడ్ దేశం అనిపించుకుంది. కౌన్సిల్ చేసే పని పెద్దదేమీ కాదు. తీర్మానం చేస్తుంది, తన మీటింగులకి, క్యాంటీన్లకి ఆ టీ, కాఫీ, పండ్లే కొంటుంది, ఊళ్లో కొట్లనీ స్కూళ్లనీ కలుపుకుంటుంది. అరటికైతే రైతుకి ఇంతకు తగ్గకూడదని ముందే ఒక ధర ఉంటుంది. దానిపైన 18.14 కిలోల పెట్టెకు ఒక డాలరు అదనం. ఆ డబ్బు బడికా, రోడ్డుకా, తోటకా అన్నది రైతుల సంఘమే ఓటేసి తేల్చుకుంటుంది.

మనకేం తక్కువ అనిపించింది. మన రైతు బజార్లు 1999లోనే వచ్చాయి, గార్‌స్టాంగ్ కంటే ఏడాది ముందు. దళారి లేకుండా రైతే కూర్చుని అమ్ముకునే చోటు అది. ఈ మాట సూపర్‌వైజర్ ముఖం మీదే చెప్పాలనుకున్నాను.

మర్నాడు తనే నా పక్కన కూర్చుంది. "నిన్న అందరి ముందు అలా అనాల్సింది కాదు, క్షమించు. మీ నాన్నగారిది అరటి తోటట కదా. మీ దగ్గర ధర ఎవరు చెప్తారు?" అంది.

నోరు పెగల్లేదు.

ఎవరు చెప్తారు? వేసవి సెలవుల్లో తెల్లవారుజామున నాన్న సైకిల్‌కి అటూ ఇటూ గెలలు కట్టుకుని నడిపిస్తుంటే వెనకాల నేనూ వెళ్లేదాన్ని. యార్డులో వ్యాపారి గెలని కాలితో అలా కదిపి "ఒడిశా లారీలు రాలేదండీ ఇవాళ" అనేవాడు. కొనే లారీలు లేవంటే ధర తగ్గిందనే. అంతే, అతను చెప్పిందే ధర. శ్రావణంలో, కార్తీకంలో నాలుగు డబ్బులు కనబడేవి. మిగతా రోజుల్లో నాన్న మారు మాట్లాడకుండా తాడు విప్పేవాడు. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "కోసిన గెలకు బేరం ఉండదమ్మా. మళ్లీ చెట్టుకి అంటించలేం కదా" అన్నాడు. రైతు బజారులో డజను లెక్కన అమ్మితే ఒక తోట గెలలు ఎప్పటికి చెల్లుతాయి? 2011లో కోనసీమ రైతులు వరి వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు కూడా అడిగింది గిట్టుబాటు ధరే. చేతికొచ్చేది ఎంతో తెలియకుండా చాకిరీ చేయలేమన్నారు.

ఇక్కడ నన్ను తొలుస్తున్నది ఒకటే. సముద్రం అవతలి తోటల రైతు కోసం ఈ ఊరి కౌన్సిల్ తీర్మానం చేసుకుంది. మా పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి చూస్తే మా తోట కనిపిస్తుంది. కానీ అక్కడ మీటింగ్ అయితే బిస్కెట్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు. హాస్టల్ పిల్లల పండ్లకి తక్కువ కోట్ చేసినవాడికే టెండర్. ఆ తక్కువ ఎవరి కడుపు కొట్టి వచ్చిందో అడిగే గడి ఆ కాగితంలో లేదు. పంచాయతీకి అంత డబ్బెక్కడిది అంటారేమో. ఈ కౌన్సిల్ కొనేదీ వారానికి రెండు పెట్టెలే. తీర్మానం ఉంది కాబట్టే నా పళ్లెం వెనక్కెళ్లింది. మా ఊళ్లో ఎవరి పళ్లెమూ వెనక్కెళ్లదు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, అక్టోబరు 2న గ్రామసభలో ఇవ్వడానికి అర్జీ రాయించాను. బడికి, అంగన్‌వాడీకి, హాస్టల్‌కి, పంచాయతీ మీటింగులకి కొనే అరటిపండ్లు మన ఊరి రైతుల దగ్గరే కొనాలి, నెల ముందే ధర చెప్పాలి అని. నాన్న ఒక్కో మాటా పైకి చదువుకుంటూ రాశాడు. ఆఖరి ముక్క దగ్గర ఆగి, "నెల ముందు అని కాదమ్మా, 'గెల కోయకముందే' అని రాస్తాను" అన్నాడు.