పేరు లేని చెలికత్తె

మన పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం పంపమని కమిటీవారు అడిగినప్పుడు నేను ఆనాటి మన 'మాక్‌బెత్' ప్రదర్శనలోని కొవ్వొత్తి సంగతి రాస్తానని మీలో చాలామంది ఎదురుచూసి ఉంటారు. అది లేడీ మాక్‌బెత్ వేషం వేసినవారే స్వయంగా రాయవలసిన కథ. నేను ఇంగ్లీషు మేడమ్‌గారి గురించి, వార్షికోత్సవానికి ఆమె నాకిచ్చిన చెలికత్తె వేషం గురించి మాత్రమే రాస్తాను.

షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన ఆ విషాద నాటకంలో స్త్రీలనగానే రాజహత్యకు భర్త మాక్‌బెత్‌ను పురికొల్పిన లేడీ మాక్‌బెత్, ఆ వెనుక ముగ్గురు మంత్రగత్తెలు గుర్తొస్తారు. మేడమ్ అక్కడితో ఆగేవారు కారు. ఒకే ఒక్క రంగంలో కనిపించి, బిడ్డలతో సహా హతమైపోయే మాక్‌డఫ్ భార్యే లేకపోతే చివర మాక్‌బెత్‌ను చంపే మాక్‌డఫ్ కత్తికి అంత కసి ఎక్కడిదని అడిగేవారు. పిట్టల్లోకెల్లా చిన్నదైనా గూటిలోని పిల్లల కోసం గుడ్లగూబతో తలపడుతుందని ఆ తల్లి అనే మాట వచ్చినప్పుడు వెనక బెంచీ సైతం సద్దుమణిగేది.

ఇక నా వేషం ఐదో అంకం మొదటి రంగంలోది. రాణి అయిన లేడీ మాక్‌బెత్ నిద్రలో లేచి, కాగితం తీసి ఏదో రాసి, చదివి, ముద్ర వేసి, మళ్లీ పడుకుంటుందని చెలికత్తె వైద్యుడికి చెబుతుంది. నిద్రలో రాణి ఏమన్నదో మాత్రం చెప్పదు. తన మాటను బలపరిచే సాక్షి లేనప్పుడు మీకే కాదు, ఎవరికీ చెప్పనంటుంది. "ఆవిడకు భయం లేదనుకోకమ్మా, భయం ఉంది కాబట్టే ప్రతి మాటా తూచి మాట్లాడుతోంది," అని మేడమ్ నా ప్రతిలో ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, తల ఎత్తి, గొంతు పెంచకుండా చెప్పమన్నారు.

నేను న్యాయవాదినై, ఇప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేస్తున్నాను. ఫలానా వాస్తవం రుజువు కావడానికి ఇంతమంది సాక్షులు ఉండి తీరాలన్న నియమం లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 134వ సెక్షన్ చెప్పింది. అయినా యజమాని ఇంట్లో జరిగిన ఘోరం చూసిన పనిమనిషి బోను ఎక్కడానికి జంకితే, ఆమెకు సత్యం పట్టలేదని నేను ఎన్నడూ అనుకోలేదు. నాటకాన్ని నడిపించేది రాణి ఆశే కావచ్చు. ఆమె నేరం నాలుగు గోడలు దాటకుండా ఆగింది మాత్రం ఈ పేరు లేని స్త్రీ నిస్సహాయత వల్ల. నా దగ్గర చేరే జూనియర్ల చేత సాక్షి విచారణకు ముందు ఆ రంగం చదివిస్తాను. వాళ్లలో ఒక అమ్మాయి ఈ ఏడాది మేజిస్ట్రేటు అయింది.