నడుమ నుంచి పెట్టినా కథ దొరకాలి

సినిమా ఎన్ని రోజులు ఆడిందన్నది క్లాసిక్‌కు కొలత కాదు. వంద రోజుల పోస్టర్లు పడ్డ సినిమాలు చాలావాటి పేర్లు ఇప్పుడు ఆ హీరోల అభిమానులకే గుర్తుకు రావు. నేను నమ్మే కొలత వేరే. పాత సినిమాను నలభయ్యో నిమిషంలోనో తొంభయ్యో నిమిషంలోనో పెట్టండి. దాన్ని ఎన్నడూ చూడని పదేండ్ల పిల్లలు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నారంటే అందులో సరుకున్నట్టే.

నడుమ నుంచే ఎందుకంటే, పాత సినిమా మన ఇండ్లకు ఎప్పుడూ ముక్కలుగానే వచ్చింది. తాతల కాలంలో రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, తర్వాత దూరదర్శన్, కేబుల్, ఇప్పుడు ఫోన్లో రెండు నిమిషాల బిట్లు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ వంటింటికీ ముందరి అర్రకూ మధ్య తిరుగుతూ చూసేవాళ్లే ఎక్కువ. అట్లా చూసినా అందే సినిమాలే మిగిలినయి.

1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్ మీద ఈ పరీక్ష చేసి చూడండి. అది భారతంలోని మనుషుల కథే, కానీ పాండవులు తెర మీద కనబడనే కనబడరు. లోపల ఉన్నది మేనరికం పంచాయితీ. ఆడబిడ్డ కొడుక్కు ఇస్తామన్న పిల్ల శశిరేఖను, వాళ్ల రాజ్యం పోగానే కలిగినోళ్ల ఇంటికి ఇవ్వజూస్తారు. ఆస్తి పోతే సంబంధం తప్పిపోవడం ఏ ఊరి వాళ్లకైనా విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అందుకే ఎక్కడ పెట్టినా ఎవరు ఎవరి దిక్కున్నరో నిమిషంలో తెలుస్తుంది.

రెండో కిటుకు సీన్ల అల్లికలో ఉంది. దాదాపు ప్రతి సీనులోనూ ప్రేక్షకునికి తెలిసింది తెర మీద ఒకరికి తెలియదు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెండ్లికొడుకు లక్ష్మణకుమారునికి తెలియదు. ఇక్కడ ఇంకో పరీక్ష పెట్టొచ్చు. సౌండ్ బంద్ చేసి చూడండి. సావిత్రి నడక, భుజాలు, చూపు చూస్తేనే లోపల ఉన్నది రాక్షసుడని తెలిసిపోతుంది. తర్వాత తెరకు వీపు పెట్టి వినండి. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు బొమ్మ లేకుండానే నవ్విస్తయి. ఈ రెండు పరీక్షలూ నెగ్గే సినిమాలు తక్కువ. మాటలతోనే నడిచేవి సౌండ్ తీస్తే పడిపోతయి, హంగుతో నడిచేవి కండ్లు మూస్తే పడిపోతయి.

తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన మా భూమి దారి దీనికి పూర్తిగా వేరు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతగా 1980లో థియేటర్లకు వచ్చిన ఆ సినిమాలో పాటలు సినిమా కంటే ముందువి. పల్లెటూరి పిల్లగాడా పాట సుద్దాల హనుమంతు సాయుధ పోరాటం నాటికే రాసింది. సుద్దాల అప్పటి నల్లగొండ జిల్లా ఊరే. పాట పోరాటం నుంచి తెర మీదికి, తెర నుంచి సభల్లోకి పోయింది. సినిమా చూడనోళ్లకు కూడా పాట నోటికి వస్తుంది.

కానీ నడుమ నుంచి పెట్టే పరీక్షలో మా భూమి ఇయ్యాల్టి పిల్లల ముందు తడబడుతుంది. అది సినిమా లోపం కాదు, ఎరుక తెగిపోయింది. పెట్టే ముందు మూడు ముక్కలు చెప్తే చాలు: దేశ్‌ముఖ్ అంటే ఊర్ల మీద పెత్తనం చేసిన భూస్వామి అని, వెట్టి అంటే కూలి ఇయ్యకుండా చేయించుకునే పని అని, రజాకార్లు నిజాం దిక్కు నిలిచిన సాయుధ మూక అని. అంతకు మించి చెప్తే పాఠమైతది, పిల్లలు లేచిపోతరు. నర్సింగరావే తీసిన దాసి (1988)కి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. మాట తక్కువ, గడి (దొర భవంతి) గోడలు, బట్టలు, అర్చన మొహమే కథ చెప్తయి. ఆ బట్టలకు జాతీయ అవార్డు అందుకున్న సుదర్శన్ మన మిర్యాలగూడ మనిషి.

తొందరగా ముసలితనం వచ్చే సరుకు ఏదంటే, ఆ ఏడాది జోకులు, హీరో ఎంట్రీ సీన్లు. మా దిక్కు ఇంకోటి కూడా కలపాలి. తెలంగాణ మాటను రౌడీకో కమెడియన్‌కో మాత్రమే తగిలించిన సినిమాలు ఇక్కడి పిల్లలకు ఇప్పుడు నవ్వు తెప్పించవు, చిరాకు తెప్పిస్తయి.

ఎంత మంచి సినిమా అయినా రీలు బతకాలి కదా. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులు, అంటే దాదాపు అయిదు కిలోమీటర్లు. ప్రింటు పట్నాల్లో ఆడి ఆడి చిన్న ఊర్లకు వచ్చేసరికి గీతలు పడి, తెగి, అతుకులతో ఉండేది. అతుకు దగ్గర బొమ్మ, మాట ఒకేసారి ఎగిరిపోవు. ఫిల్మ్ అంచున ఉండే శబ్దం పట్టీ బొమ్మ కంటే దాదాపు 20 ఫ్రేములు ముందు ఉంటది కాబట్టి ఒకటి ఎగిరిన సెకను లోపల రెండోది ఎగురుతుంది. అప్పట్లో రీళ్లకు వాడిన అసిటేట్ ఫిల్మ్‌కు వేడి, తేమ తగిలితే సిర్క (వెనిగర్) వాసన వచ్చి ముడుచుకుంటుంది. ఆ కుళ్లు మొదలైతే దానంతట అదే పెరుగుతుంది. ఇంకో వింత ఏందంటే, 1970ల కలర్ ప్రింట్లు రంగులు వెలిసి గులాబీ రంగుకు తిరిగితే, అంతకు ముందటి బ్లాక్ అండ్ వైట్‌ బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టి గట్టిగా నిలిచింది. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ప్రింటు మాత్రం దొరకనే లేదు. పేరు చరిత్రలో ఉంది, చూసే వీలే లేదు.

ఇంట్లో చూపించేవాళ్లు చేసే పెద్ద తప్పు బొమ్మ సైజు. 1950ల సినిమా ఫ్రేము దాదాపు 4:3 (వెడల్పు 4 అయితే ఎత్తు 3). మన టీవీ 16:9. సాగదీస్తే మొహాలు మూడో వంతు వెడల్పవుతయి, తెర నింపడానికి జూమ్ చేస్తే పైనా కిందా కలిపి నాలుగో వంతు పోతుంది. నాట్యంలో కాళ్లు పోయేది అందుకే. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ 4:3 పెట్టి, పక్కల నల్ల పట్టీలు ఉండనివ్వండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ (బాగా వెడల్పు ఫ్రేము) సినిమా అల్లూరి సీతారామరాజు (1974) లాంటి వాటికి సమస్య తిరగబడుతుంది. పాత టీవీల కోసం కోసిన కాపీల్లో వెడల్పు నలభై శాతానికి పైగా పోయి ఉంటుంది. అవి వదిలేసి, పైనా కిందా పట్టీలున్న కాపీ వెతకండి. కదలికను నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఆపేయండి, లేకుంటే సినిమా సీరియల్‌లా కనబడుతుంది. సౌండ్ మోనో (ఒకే చానల్) కాబట్టి సరౌండ్ కూడా తీసేయండి. మాటలు గుహలోంచి వచ్చినట్టు వినబడితే పది నిమిషాల్లో పిల్లలు ఫోన్లు తీస్తరు.